పైలట్‌గా విదేశాల్లో ఉద్యోగం: వర్క్ వీసా కోసం ఎవరు ఏ దేశం చూడాలి

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ఎక్కడ చవక, ఎక్కడ త్వరగా అవుతుంది అనే లెక్కలు మన దగ్గర అందరూ వేస్తారు. డాలర్ రేటెంత, ఏ దేశంలో వాతావరణం ఎలా ఉంటుంది, విమానం గంటకెంత అని ఆరా తీస్తారు. ప్లాటో పొలమో అమ్మి డబ్బు సర్దేముందు ఇంట్లోవాళ్లు ఇవన్నీ అడగడం న్యాయమే. వీసా సంగతి దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ముందు లైసెన్స్ రానీ, తర్వాత చూద్దాం’ అంటారు. అక్కడే దెబ్బ తింటారు. లైసెన్స్ ఇచ్చేది విమానయాన శాఖ, పని చేసుకోనిచ్చేది ఇమిగ్రేషన్ శాఖ. ఒకరి సంతకం ఇంకొకరి దగ్గర చెల్లదు. అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ ఇచ్చిన ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ జేబులో ఉన్నా, అక్కడ పని అనుమతి లేకుండా ఒక్క గంట పాఠం చెప్పి డబ్బు తీసుకున్నా అది వీసా ఉల్లంఘనే.

ఇంకో విషయం. దేశం పేరు చూసి మొదలుపెడితే ఈ లెక్క తేలదు. మీ లాగ్‌బుక్‌లో ఎన్ని గంటలున్నాయో చూసి మొదలుపెట్టాలి. రెండొందల గంటల పైలట్‌కి స్పాన్సర్‌షిప్ ఇచ్చే యజమాని దాదాపు ఏ దేశంలోనూ దొరకడు, ఎందుకంటే అలాంటి పైలట్లు ప్రతి దేశానికీ సొంతంగానే కావలసినంత మంది ఉన్నారు. మూడు వేల గంటలు, జెట్ మీద టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపే అర్హత) ఉన్నవాడి కోసం మాత్రం కంపెనీయే వీసా కాగితాలు పట్టుకుని తిరుగుతుంది. ఈ రెండు చివరల మధ్య మీరెక్కడున్నారో దాన్నిబట్టి చదువుకోండి.

ట్రైనింగ్ ఇంకా మొదలుపెట్టనివాళ్లు

అన్నిటికంటే ఎక్కువ ఎంపిక ఉన్నది మీకే, ఎక్కువ మోసపోయేదీ మీరే. స్పాన్సర్ దొరకడు కాబట్టి మీకు కావలసింది చదువుతో పాటు వచ్చే పని అనుమతి. యజమాని అవసరం లేకుండా ప్రభుత్వమే ‘చదివావు కదా, కొన్నాళ్లు పని చేసుకో’ అని ఇచ్చేది. ఆ అనుమతి కాలంలో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరి గంటలు పెంచుకోవాలి. కాబట్టి స్కూల్ ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

అమెరికా సంగతి ముందు చూద్దాం, అందరి మనసూ అక్కడే ఉంటుంది కాబట్టి. అక్కడి ఫ్లయింగ్ స్కూళ్లు చాలావరకు ఎం-1 (వృత్తి కోర్సుల స్టూడెంట్ వీసా) కోసమే ఐ-20 అనే అడ్మిషన్ పత్రం ఇస్తాయి. ఎం-1 మీద కోర్సు పూర్తయ్యాక ప్రతి నాలుగు నెలల చదువుకి ఒక నెల చొప్పున ప్రాక్టికల్ ట్రైనింగ్ ఇస్తారు, అదీ ఆరు నెలలకి మించదు. ఏడాదిలో కోర్సు ముగించారనుకోండి, మీకొచ్చేది మూడు నెలలు. స్టూడెంట్లు దొరికి, వాతావరణం బాగుండి, విమానం రిపేరుకి వెళ్లకుండా ఉంటే ఆ మూడు నెలల్లో ఎంత ఎగరగలరో మీరే ఊహించుకోండి. పైగా అమెరికాలో ఉండగానే ఎం-1 నుంచి ఎఫ్-1కి (యూనివర్సిటీ చదువుల వీసా) మారనివ్వరు. ఎం-1 మీద నేర్చుకున్న చదువునే అర్హతగా చూపించి హెచ్ వీసాకి (ఉద్యోగ వీసా) మారడానికీ వీల్లేదు. ఏజెంట్ ‘ముందు ఎం-1 మీద వెళ్లండి, అక్కడ మార్చుకోవచ్చు’ అంటే ఆ ఆఫీసులోంచి లేచి వచ్చేయండి.

ఎఫ్-1 దీనికంటే చాలా మెరుగు. ఎంబ్రీ-రిడిల్, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ డకోటా లాంటి చోట ఏవియేషన్ డిగ్రీ చేస్తే చదువయ్యాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పని అనుమతి) వస్తుంది. ఆ ఏడాదిలో వారానికి కనీసం 20 గంటల పని ఉండాలి, మొత్తం మీద ఖాళీగా ఉన్న రోజులు 90 దాటకూడదు. ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం దొరికితే గంటలు బాగానే పెరుగుతాయి. అమెరికాలో ఎయిర్‌లైన్‌లో చేరడానికి 1,500 గంటలు కావాలి. 2009లో బఫెలో దగ్గర జరిగిన కోల్గన్ ఎయిర్ ప్రమాదం తర్వాత తెచ్చిన చట్టం ప్రకారం ఈ నిబంధన 2013 నుంచి అమల్లో ఉంది. అనుమతి ఉన్న యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చేసినవారికి అది 1,000 గంటలకి తగ్గుతుంది. వినడానికి లెక్క భలే కుదిరినట్టుంటుంది: డిగ్రీ, ఏడాది పాఠాలు, వెయ్యి గంటలు.

ఆ తర్వాత ఏమిటి అన్నదే సమస్య. ఓపీటీ అయిపోయాక మిమ్మల్ని ఉంచుకోవడానికి ఎయిర్‌లైన్‌కి దారి లేదు. హెచ్-1బీ అనేది ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి అయిన వృత్తులకి ఇచ్చేది. పైలట్ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి కాదు కాబట్టి మామూలుగా ఆ గాటన కట్టరు. మన సాఫ్ట్‌వేర్ అన్నయ్యలు నడిచిన దారి మనకి పనికిరాదన్నమాట. దానికి తోడు 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటన, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల భారం పెట్టింది. ఏ ఫ్లయింగ్ స్కూలూ ఒక ఇన్‌స్ట్రక్టర్ కోసం అంత కట్టదు. ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు కేటగిరీ కింద ‘నేషనల్ ఇంటరెస్ట్ వేవర్’ (యజమాని స్పాన్సర్‌షిప్ అక్కర్లేని మినహాయింపు) అంటూ పైలట్లకి గ్రీన్‌కార్డు ప్రకటనలు కనిపిస్తుంటాయి. వేరే దేశాల పైలట్లకి అది పనికొచ్చి ఉండొచ్చు. గ్రీన్‌కార్డు క్యూ పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది, ఇండియాలో పుట్టినవారి ఈబీ-2 క్యూ సంగతి డల్లాస్‌లో ఉన్న ఏ బంధువుని అడిగినా చెబుతారు.

కాబట్టి అమెరికా ఎఫ్-1 దారిని ‘డిగ్రీ, వెయ్యి గంటల అనుభవం, ఆపైన ఇంటికి’ అనే ప్యాకేజీగా చూడండి. ఇంట్లో అంత స్థోమత ఉండి, అలా వెనక్కి రావడానికి సిద్ధపడితే తప్పులేదు. అక్కడే స్థిరపడాలనుకుంటే ఇది దారి కాదు.

కెనడాలో పద్ధతి కొంచెం వేరు, నాకు నచ్చిందీ అదే. అక్కడ ప్రైవేటు స్కూళ్లలో చదివినవారికి సాధారణంగా పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ రాదు. ఫ్లయింగ్ స్కూళ్లకి మాత్రం ప్రత్యేకంగా ఒక వెసులుబాటు పెట్టారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఫ్లైట్ ట్రైనింగ్ సెంటర్‌లో కోర్సు చేసి కెనడా సీపీఎల్ తెచ్చుకున్నవారు, లేదా ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్‌తో పాటు ట్రైనింగ్ సెంటర్ నుంచి ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం ఆఫర్ ఉన్నవారు ఆ పర్మిట్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. కోర్సు ఎనిమిది నెలల కంటే తక్కువైతే పర్మిట్ రాదు. ఎనిమిది నెలల నుంచి రెండేళ్ల లోపైతే కోర్సు ఎంత కాలమో పర్మిట్ అంత కాలం, రెండేళ్లు ఆపైన అయితే మూడేళ్లు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. త్వరగా ముగించేద్దామన్న తొందర ఇక్కడ నష్టం చేస్తుంది. పది నెలల కోర్సు చేసినవాడికి పది నెలలే దక్కుతాయి. అదే రెండేళ్ల కోర్సు అయితే మూడేళ్లొస్తాయి. ఫీజు తేడా కంటే ఈ తేడా పెద్దది.

కొత్త ఇన్‌స్ట్రక్టర్‌కి కెనడాలో ఇచ్చేది క్లాస్ 4 రేటింగ్. సీనియర్ పర్యవేక్షణలో పాఠాలు చెబుతూ, అనుభవం మీద క్లాస్ 3కి వెళ్లాలి. చాలా స్కూళ్లు తమ దగ్గర చదివినవారినే తీసుకోవడానికి ఇష్టపడతాయి. ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. కెనడాలో ఏడాది పని అనుభవంతో పర్మనెంట్ రెసిడెన్సీకి (పీఆర్) వెళ్లే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో సొంత వ్యాపారంగా చేసిన పని లెక్కలోకి రాదు. కొన్ని స్కూళ్లు ఇన్‌స్ట్రక్టర్లని జీతం మీద కాకుండా కాంట్రాక్టర్లుగా పెట్టుకుని, ఎగిరిన గంటకి ఇంత అని ఇన్‌వాయిస్ మీద కడతాయి. అలా రెండేళ్లు కష్టపడినా పీఆర్ లెక్కలో సున్నాగా తేలే ప్రమాదం ఉంది. ఆ ఏడాది అనుభవమంటే మొత్తం 1,560 గంటలు, వారానికి 30 చొప్పున. డబ్బు వచ్చిన పని గంటలే లెక్క. ఎగిరినప్పుడే డబ్బిచ్చే చోట, మంచు కురిసే జనవరిలో వారానికి ముప్పై గంటలు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే అడ్మిషన్ తీసుకునేముందే స్కూల్‌ని అడగండి: మీ దగ్గర చదివి ఇన్‌స్ట్రక్టర్లుగా చేరినవాళ్లకి టీ4 (జీతం తీసుకునే ఉద్యోగికిచ్చే పన్ను స్లిప్) వస్తుందా, లేక ఇన్‌వాయిస్ మీద కడతారా? మార్కెటింగ్ వాళ్లు నీళ్లు నమిలితే, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న ఇన్‌స్ట్రక్టర్‌నే పట్టుకుని అడగండి.

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (స్కోరు చూసి పీఆర్ ఇచ్చే కెనడా పద్ధతి) పైలట్లకి ప్రత్యేక డ్రా ఉంటుందన్న మాట మీద ప్లాన్ వేయకండి. 2023లో రవాణా కేటగిరీ పెట్టినప్పుడు పైలట్లు, ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉన్న 72600 కోడ్ అందులో ఉంది. 2025 ఫిబ్రవరిలో ఆ కేటగిరీనే ఎత్తేశారు, 2026లో మళ్లీ పెట్టారు. ఇలాంటివి వస్తుంటాయి, పోతుంటాయి. మీ స్కోరులో వయసుకిచ్చే పాయింట్లు మాత్రం ముప్పై నుంచి తగ్గుతూనే పోతాయి.

ఆస్ట్రేలియాలో డిప్లొమాకీ డిగ్రీకీ మధ్య తేడా వీసా దగ్గర బయటపడుతుంది. చదువయ్యాక ఇచ్చే 485 వీసాలో డిప్లొమా వాళ్ల విభాగానికి మీ వృత్తి నిర్ణీత లిస్టులో ఉండాలి, స్కిల్స్ అసెస్‌మెంట్ కావాలి. డిగ్రీ వాళ్ల విభాగానికి ఆ లిస్టు షరతు లేదు. ఏవియేషన్ డిప్లొమా చేసి కమర్షియల్ లైసెన్స్ తెచ్చుకున్న కుర్రాడు ఈ లిస్టు దగ్గర ఆగిపోతే, అదే ఎయిర్‌ఫీల్డ్‌లో అవే విమానాల మీద బ్యాచిలర్ డిగ్రీ చేసినవాడికి పని అనుమతి వస్తుంది. 2024 జూలై నుంచి ఎక్కువమందికి వయసు పరిమితి 35కి తగ్గింది. బీటెక్ చేసి, ఐదారేళ్లు ఐటీలో చేసి, ఆపైన ఎగరాలన్న కోరిక పుట్టినవాళ్లు ఇది చూసుకోవాలి.

న్యూజిలాండ్ అందంగా ఉంటుంది, స్కూళ్లు మంచివి, అక్కడి సీ కేటగిరీ (మొదటి మెట్టు) ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్‌కి పేరుంది. పోస్ట్ స్టడీ వర్క్ వీసా మాత్రం ప్రధానంగా లెవల్ 7 డిగ్రీ, ఆపైన చదివినవారి కోసం. అంతకంటే తక్కువ లెవల్ అయితే ఆ కోర్సు ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ఉండాలి. స్కూల్ బ్రోషర్‌లో కోర్సు పేరు పక్కన లెవల్ ఎంతని రాశారో అది ముందు చూడండి.

నన్నడిగితే ఈ దశలో ఉన్నవాళ్లకి మొదటి ఎంపిక కెనడా, రెండేళ్ల కోర్సు. రెండోది ఆస్ట్రేలియా, డిగ్రీ అయితేనే. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. అమెరికాలో చవకగా సీపీఎల్ ముగించి కెనడాకి మారుదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. రెండు దేశాల మధ్య లైసెన్స్ మార్పిడి ఒప్పందం ఉంది కాబట్టి లైసెన్స్ తేలిగ్గానే మారుతుంది. కెనడాలో చదవలేదు కాబట్టి వర్క్ పర్మిట్ మాత్రం రాదు.

ఇండియా సీపీఎల్, రెండొందల చిల్లర గంటలు ఉన్నవాళ్లు

మీకు నేరుగా విదేశీ వర్క్ వీసా వచ్చే దారి లేదు. ఉందని ఎవరైనా చెబితే, ఆ ఆఫర్ లెటర్‌లో యజమాని ఎవరో, వీసా రకం ఏమిటో చూపించమనండి. అమెరికా ఎఫ్ఏఏ మీ ఇండియా సీపీఎల్ చూసి నేరుగా ఇచ్చేది ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ మాత్రమే. కమర్షియల్ కావాలంటే మళ్లీ రాతపరీక్ష, చెక్‌రైడ్ (విమానంలో ప్రాక్టికల్ పరీక్ష) తప్పవు. యూరప్‌లో అయితే 13 ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్స్) పేపర్లు మొదటినుంచి రాయాలి. ఇన్ని చేసినా అవన్నీ లైసెన్స్ పనులే, వీసా సమస్య అలాగే ఉంటుంది.

ఇక్కడే అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి, ఏదైనా ఎఫ్‌టీవోలో (ఫ్లయింగ్ స్కూల్) చేరి గంటలు పెంచుకోవడం ఇప్పటికి మంచిది. బేగంపేటలోనైనా మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ స్కూళ్లలోనైనా ఇన్‌స్ట్రక్టర్ల అవసరం ఉంది. ‘విమానం నడపడానికి చదివించాం, పిల్లలకి పాఠాలు చెప్పడమేంటి’ అని ఇంట్లో అంటారు. ఎయిర్‌లైన్ పైలట్లలో చాలామంది అలా మొదలుపెట్టినవాళ్లేనని నచ్చజెప్పుకోవాలి. రెండేళ్ల ఇన్‌స్ట్రక్టర్ అనుభవం వచ్చాక న్యూజిలాండ్ లాంటి చోట్ల మీ దరఖాస్తుకి బలం వస్తుంది. అక్కడి అక్రెడిటెడ్ ఎంప్లాయర్ వర్క్ వీసాకి 2025 మార్చి నుంచి అడిగే అనుభవం మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది, మీడియన్ జీతం షరతు కూడా తీసేశారు. అయినా గుర్తింపు ఉన్న యజమాని మీ కోసం జాబ్ చెక్ (ఆ ఉద్యోగానికి ఇమిగ్రేషన్ శాఖ ఆమోదం) చేయించాలి, మీకు న్యూజిలాండ్ లైసెన్స్, అక్కడి రేటింగ్ ఉండాలి.

ఆస్ట్రేలియాలో 2024 డిసెంబరు 7 నుంచి పాత ‘టెంపరరీ స్కిల్ షార్టేజ్’ వీసా స్థానంలో ‘స్కిల్స్ ఇన్ డిమాండ్’ అనే స్పాన్సర్ వీసా వచ్చింది. ఇది ఏడాది అనుభవమే అడుగుతుంది. కానీ కనీస జీతం గీత ఒకటుంది, 2025 జూలైలో అది ఏడాదికి 76,515 ఆస్ట్రేలియన్ డాలర్లు అయింది, ఏటా జూలైలో పెరుగుతుంది. కొత్త గ్రేడ్ 3 (మొదటి మెట్టు) ఇన్‌స్ట్రక్టర్‌కి అంత జీతం ఇచ్చే స్కూల్ అరుదు. పైస్థాయి గ్రేడ్‌లో, ఇన్‌స్ట్రుమెంట్, మల్టీ ఇంజిన్ పాఠాలు చెప్పగల ఇన్‌స్ట్రక్టర్‌కైతే అవకాశం ఉంటుంది. ఈ వీసాలో ఉద్యోగం పోతే వెంటనే వెళ్లిపోనక్కర్లేదు, ఒక్కోసారి 180 రోజుల వరకు ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవచ్చు. గల్ఫ్‌తో పోల్చినప్పుడు ఈ ఒక్క నియమం చాలా విలువైనది.

భర్తో భార్యో అమెరికాలో ఉన్నవాళ్లు

ఈ కోవలో మనవాళ్లు ఎక్కువ, కానీ ఎవరూ దీని గురించి మాట్లాడరు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భాగస్వామి వీసా) మీద ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉన్నవారికి, ఎల్-2 (కంపెనీ బదిలీ మీద వచ్చిన ఉద్యోగి భాగస్వామి వీసా) మీద ఉన్నవారికి ఏ యజమాని దగ్గరైనా పనిచేసే హక్కు ఉంది. స్పాన్సర్ సమస్యే లేదు. అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ దగ్గర సెక్యూరిటీ క్లియరెన్స్ తీసుకుని స్థానిక స్కూల్‌లో నేర్చుకుని, సీఎఫ్ఐ (ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్) సర్టిఫికెట్ తెచ్చుకుంటే అదే ఊళ్లో పాఠాలు చెప్పుకోవచ్చు. ఎం-1 మీద వచ్చిన కుర్రాడికి మూడు నెలలు దొరికే చోట మీకు ఏళ్లు దొరుకుతాయి. షరతు ఏమిటంటే మీ ఈఏడీ జీవిత భాగస్వామి ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది, రెన్యువల్ ఆలస్యమైతే ఆ మధ్య ఎగిరి డబ్బు తీసుకోకూడదు.

ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకి ఇంకో దారుంది, ఈ-3. అది ఆస్ట్రేలియా పౌరులకి మాత్రమే ఇచ్చే అమెరికా వీసా, ఏడాదికి 10,500. గతంలో కొన్ని అమెరికన్ ప్రాంతీయ ఎయిర్‌లైన్స్ దీని మీద ఆస్ట్రేలియన్ పైలట్లని తీసుకున్నాయి.

ఎయిర్‌లైన్ అనుభవం ఉన్నవాళ్లు

మీకు గల్ఫ్ అన్నిటికంటే సుఖం. ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్, ఎతిహాద్, ఫ్లైదుబాయ్ వంటి సంస్థలు ఇంటర్వ్యూలో గెలిచినవారికి వీసా పని మొత్తం తామే చూసుకుంటాయి. మీరు చేయాల్సింది సర్టిఫికెట్లు మన విదేశాంగ శాఖ దగ్గర, ఎంబసీ దగ్గర అటెస్ట్ చేయించడం, మెడికల్. యూఏఈలో జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. హైదరాబాద్ నాలుగు గంటల లోపే. దీనికి బదులుగా మీరు వదులుకునేది భద్రత. నివాసం ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు గల్ఫ్ ఎయిర్‌లైన్స్ పెద్ద సంఖ్యలో పైలట్లని తీసేశాయి. స్కూల్లో చదివే పిల్లలు, ఇంటి అద్దె, కారు లోన్ అన్నీ అక్కడే ఉన్నవాళ్లు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు ఇండియా లైసెన్స్, మెడికల్ చెల్లుబాటులో ఉంచుకోవాలనేది అందుకే.

వియత్నాం లాంటి చోట్ల టైప్ రేటింగ్ ఉన్నవారికి, ముఖ్యంగా కెప్టెన్లకి, ఏజెన్సీల ద్వారా కాంట్రాక్టులు దొరుకుతాయి. రెండు మూడేళ్ల పని అనుకుని వెళ్తే మంచిది. యూరప్‌లో చాలా ఎయిర్‌లైన్స్ ప్రకటనలోనే ‘ఈయూలో పనిచేసే హక్కు ఉండాలి’ అని రాసేస్తాయి, టైమ్ వేస్ట్ చేసుకోకండి. పిల్లల చదువు, పౌరసత్వం ముఖ్యమనుకునే ముప్పై అయిదేళ్ల కెప్టెన్ అయితే జీతం తగ్గినా ఆస్ట్రేలియా స్పాన్సర్‌ని వెతకమంటాను. అప్పులు తీర్చి డబ్బు కూడబెట్టాలనుకుంటే గల్ఫ్.

ఇండియాలో ఎయిర్‌లైన్‌లో ఉన్నవాళ్లు ఆఫర్ ఒప్పుకునేముందు నోటీసు లెక్క చూసుకోండి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017 నిబంధన ప్రకారం కో-పైలట్‌కి ఆరు నెలలు, కమాండర్‌కి ఏడాది నోటీసు. బాండ్ ఉంటే అది వేరే. కొత్త కంపెనీ ‘రెండు నెలల్లో చేరండి’ అంటే ఆ తేదీ మార్చమని ముందే రాతపూర్వకంగా అడగాలి.

ఏ దారిలో వెళ్లినా డీజీసీఏ నుంచి లైసెన్స్ వెరిఫికేషన్ అడుగుతారు, దాన్ని ఆఖరి వారానికి వదలకండి. ఎఫ్ఏఏ దగ్గర ఆ వెరిఫికేషన్ లెటర్ ఆరు నెలలే చెల్లుతుంది, మరీ ముందుగా తెప్పించుకున్నా వృథానే. ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ లెవల్ 4 ఉన్నవారు మళ్లీ పరీక్ష రాసి 5 లేదా 6 తెచ్చుకుంటే మంచిది, 4 మూడేళ్లకి ఒకసారి కొత్తగా చేయించుకోవాలి, 6 అయితే ఆ బాధ లేదు.

ఏజెంట్ల గురించి. విదేశీ ఉద్యోగాల ఏజెంట్‌కి మన విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడొచ్చు. చట్టం ప్రకారం అభ్యర్థి దగ్గర తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ‘పైలట్ వర్క్ వీసా గ్యారంటీ, ఎనిమిది లక్షలు’ అనేవాడు ఈ రెండింటిలో ఏదో ఒకదాని దగ్గర దొరికిపోతాడు.